పడకగది దాకా పాటల వైరు

ఆ సాయంత్రం మా ఆయన పెట్టాలనుకున్నది గజళ్ళ క్యాసెట్. వచ్చింది మాత్రం ఎప్పుడో ఫ్యాక్టరీ కాలనీలో గణపతి మండపం దగ్గర రికార్డు చేసిన భజన. వంటింట్లో పప్పుకు పోపు వేస్తున్న నేను గరిటె చేతిలో ఉండగానే ముందు గదిలోకి వచ్చాను. పెళ్ళయిన నాటి నుంచి ఆయన క్యాసెట్ తప్పు పెట్టడం నేనెరగను.

"గజళ్ళు పెడ్తనంటిరి గద?" అన్నాను.

"గిదే ఇందామనిపించింది" అన్నారు, నా వైపు తిరగకుండానే.

మరునాడు నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఒక క్యాసెట్ డబ్బాను ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. నా చెప్పుల చప్పుడు వినగానే దాన్ని జేబులో వేసుకున్నారు. దగ్గరికి వెళ్ళి జేబులోంచి డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టాను.

"దీని మీద ఏం రాసున్నదో చదువుండ్రి."

"అద్దాలు మసకగున్నయి."

కొంగుతో అద్దాలు తుడిచి ఇచ్చాను. పెట్టుకున్నారు. డబ్బాను అటు తిప్పారు, ఇటు తిప్పారు. చివరికి దాన్ని కిటికీ గట్టు మీద పెట్టేశారు.

"కనిపిస్తలేదు."

"ఎప్పటి సంది?"

"దసరా కాడికెల్లి."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు సుత పరేషానైతవు. ఇంట్ల ఒక్కలు పరేషానైతే సాలదా?"

ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పాకం మరిగించే చోట పనిచేసేవారు. పదునుకు వచ్చిందా లేదా అని గాజు ముక్క మీద చుక్క వేసి, వేళ్ళ మధ్య రాసి చూసే పని. ఆ ఉద్యోగం రిటైర్మెంటుకు ముందుగానే వదులుకుని, నిజామాబాదులో మా సొంతింటికి వచ్చేశాం. నాకు ఇక్కడే సర్కారు బడిలో టీచర్ ఉద్యోగం. ఇంట్లో మేమిద్దరమే. మూడో మనిషిలాగా ఉండేవి ఆ క్యాసెట్లు. ఒక ఇనుప బీరువా నిండి, మిగిలినవి మంచం కింద డబ్బాల్లో ఉండేవి.

ఎనభైల్లో మొదలుపెట్టి పోగేసినవి అవి. గల్ఫ్ నుంచి వచ్చిన ఒకాయన దగ్గర కొన్న, రేడియో, టేప్‌రికార్డర్ కలిసిన టూ-ఇన్-వన్‌ను సైకిల్ మీద పెట్టుకుని ఆయన ఎక్కడెక్కడికో పోయేవారు. చెరకు నరికే కాలంలో మహారాష్ట్ర నుంచి వచ్చి, చెరకాకు గుడిసెల్లో ఉండే కోత కూలీ ఆడవాళ్ళు పాడిన మరాఠీ పాటలు ఉన్నాయి. దర్గా ఉర్సులో కవ్వాలీలు ఉన్నాయి. రుద్రూర్‌లో ఎవరి పెళ్ళిలోనో పెద్ద ముత్తయిదువలు పాడిన పాటలు ఉన్నాయి. వీటన్నిటిలోనూ ఆయన ప్రాణం ఒక దాని మీదే. ఆయన అవ్వ అని పిలిచే మా అత్తమ్మ బీడీలు చుడుతూ పాడుకున్న పాటల క్యాసెట్ అది. తునికాకు కత్తిరించే చప్పుడు మధ్య ఆమె గొంతు సన్నగా వినిపిస్తుంది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

షుగరు ఆయనకు ఫ్యాక్టరీ రోజుల నుంచే ఉంది. నిజామాబాదు డాక్టరు కంట్లో లైటు వేసి చూసి, హైదరాబాదు పొమ్మన్నాడు. అక్కడ లోపలి పొర మీద రక్తం చిమ్మిందని చెప్పి లేజర్ కొట్టారు. "పోయింది తేలేము, ఉన్నది నిలబెడదాం" అన్నారు. ఆ మాట పట్టుకుని నేను రోజులు గడిపాను. ఆయన చాయ్ గ్లాసు అందుకుంటుంటే చూసేదాన్ని. గడప దాటుతుంటే చూసేదాన్ని. చెయ్యి గ్లాసు పక్కనుంచి పోతే గ్లాసును ఆ చేతి కిందికి జరిపేదాన్ని. బళ్ళో పాఠం చెబుతూ మధ్యలో ఆగి, గ్యాస్ సిలిండర్ కట్టేసి వచ్చానా లేదా అని తలుచుకునేదాన్ని.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఇంట్లో నిశ్శబ్దం. ఆయన పాటలు వినడం మానేశారు.

"ఏది కావాల్నో చెప్పుండ్రి, నేను పెడ్త" అన్నాను.

"వద్దు. నేనడగాలె, నువ్వు పని ఇడిసిపెట్టి రావాలె. ఒక పాట కోసం ఒకల్ల దయ మీద బతుకుడు నాతోని కాదు."

"నేను ఒకల్లనా?"

ఆయన దుప్పటి మీదికి లాక్కున్నారు. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

మా బడికి కంప్యూటర్లు వచ్చినప్పుడు నన్ను శిక్షణకు పంపారు. ప్రశ్నపత్రాలు కొట్టుకోవడానికి ఇంట్లో కూడా ఒకటి కొనుక్కున్నాను. కంప్యూటర్ పత్రిక ఒకటి తెప్పించుకునేదాన్ని. అందులోనే ఆ వ్యాసం చదివాను. ఒక గదిలో ఒక కంప్యూటర్ పాటలన్నీ తనలో దాచుకుని ఉంటుంది. ఇంకో గదిలోని యంత్రం ఫలానా పాట కావాలని అడిగితే వైరు మీదుగా పంపుతుంది. దాన్ని సర్వర్ అంటారు. అడగడానికి తెర చూడాల్సిన పని లేదు. అంకెల బటన్లు చాలు. ఆ వ్యాసం రెండుసార్లు చదివి, పత్రిక పట్టుకుని ఆయన మంచం దగ్గరికి వెళ్ళాను.

"సర్వరా? హోటల్ల ఇడ్లీ తెచ్చి పెడ్తడు, గాయననా?" అన్నారు.

"గట్లాంటిదే. మీరు నంబరు నొక్కుతే పాట తెచ్చి పెడ్తది. నన్ను అడిగే పని లేదు."

పత్రికను వేళ్ళతో తడిమి చూశారు. తరవాత, "నా క్యాసెట్లు ఖరాబ్ చేస్తవు నువ్వు" అన్నారు. వద్దు అని మాత్రం అనలేదు.

ఒక్కో క్యాసెట్‌ను మొదటి నుంచి చివరిదాకా తిప్పి, ఆ పాటను కంప్యూటర్లోకి ఎక్కించాలి. గంటన్నర క్యాసెట్‌కు గంటన్నర పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. ముందు పోయినా బాధ లేని సినిమా పాటల క్యాసెట్‌తో మొదలుపెట్టాను. ఎక్కించినదాన్ని విని చూస్తే పాట వెనకాల తేనెటీగలు ముసిరినట్టు ఒకటే హోరు. వైర్లు మార్చాను, ప్లగ్గులు మార్చాను. హోరు పోలేదు. మా ఆయన స్నేహితుడిని పిలిచాను. ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి, ఇప్పుడు మా పక్క వీధిలో మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడాయన. మేం ఆయన్ను భాయ్ అంటాం, ఆయన నన్ను భాభీ అంటాడు.

భాయ్ రోజంతా ఇల్లు తిరిగాడు. ఎర్తింగ్ తీగ తుప్పుపట్టి తెగిపోయి ఉంది. దొడ్లో గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి కొత్త తీగ పాతాడు. హోరు తగ్గింది కానీ పోలేదు. టేప్‌రికార్డర్‌ను కూడా కంప్యూటర్ ఉన్న బోర్డుకే పెట్టి చూద్దామని నాకు తోచింది. అట్లా పెట్టగానే పాట ఒక్కటే మిగిలింది. భాయ్ నేలమీద కూర్చుని కళ్ళు మూసుకుని విన్నాడు.

"మాషా అల్లా! భాభీ, గిది ముకేశ్ థియేటర్ల ఇన్నట్టున్నది" అన్నాడు. మా ఊళ్ళో అట్లాంటి పేరున్న థియేటర్ ఎప్పుడూ లేదు. ఆయనకు తోచిన పేరు పెట్టేవాడు దేనికైనా. లోపలి గదిలోంచి మా ఆయన నవ్విన చప్పుడు వినిపించింది. ఎన్నో వారాల తరవాత విన్న నవ్వది.

ఎండాకాలం మొదలైంది, కరెంటు కోతలు మొదలయ్యాయి. క్యాసెట్ సగం తిరిగాక కరెంటు పోతే మళ్ళీ మొదటికి రావాలి. మళ్ళీ తిప్పిన ప్రతిసారీ టేపు ఇంకాస్త అరుగుతుంది. బడికి ఒంటిపూట కాబట్టి మధ్యాహ్నాలు ఆ పని మీదే కూర్చునేదాన్ని. నా చెవులు ఎప్పుడూ ఫ్యాను మీదే ఉండేవి. ఫ్యాను తిరిగే జోరు కొంచెం తగ్గిందంటే చాలు, వోల్టేజీ పడిపోతోందని లేచి నిలబడేదాన్ని.

అత్తమ్మ క్యాసెట్ దాకా వచ్చి ఆగిపోయాను. రోజూ రేపు అనుకుంటూ వాయిదా వేశాను. ఒక మధ్యాహ్నం ధైర్యం చేసి పెట్టాను. మొదటి పాట బాగానే వచ్చింది. రెండో పాట మధ్యలో ఆమె గొంతు ఒక్కసారిగా లావై, సాగి, నీళ్ళలో మునిగినట్టయింది. ఆపు బటన్ నొక్కి మూత తెరిచాను. టేపు రోలర్ చుట్టూ చుట్టుకుని, ముడతలు పడి, లోపలికి పోయి ఉంది. లాగితే తెగుతుంది. లాగకపోతే రాదు.

"ఏమైంది?" మా ఆయన గోడ పట్టుకుని గదిలోకి వచ్చారు. "గది అవ్వ గొంతు గాదు?"

నేను ముక్కు ఎగబీల్చాను. ఏడుపు ఆపుకుంటున్నానని ఆయనకు అర్థమైంది.

"నువ్వు జరుగు" అన్నారు.

ఆయన కింద కూర్చున్నారు. టేప్‌రికార్డర్‌ను ఒడిలోకి తీసుకుని, వేళ్ళతో తడుముతూ రోలర్ ఎక్కడుందో చూసుకున్నారు. చిటికెన వేలి గోరుతో టేపు అంచు పట్టుకున్నారు. లాగలేదు. రోలర్‌నే వెనక్కి, కొంచెం కొంచెంగా తిప్పారు. ఆయన మొహం పైకెత్తి ఉంది, కళ్ళు గోడ మీద ఎక్కడో ఉన్నాయి. నేను ఆ వేళ్ళ కేసి చూస్తూ కూర్చున్నాను. టేపు మెల్లగా విడివడి బయటికి వచ్చింది. ఒక చోట మాత్రం నలిగి చిరిగిపోయింది.

"బ్లేడు తే. సెల్లోటేపు తే."

"నేను కోస్తనా?"

"నీ చేతులు వణుకుతున్నయి. గాజుల చప్పుడు నాకినిపిస్తున్నది."

చిరిగిన ముక్క కోసి, రెండు కొసలు కలిపి అంటించారు. అతుకు మీద బొటనవేలు రుద్ది రుద్ది చూసుకున్నారు. మళ్ళీ పెట్టాం. అత్తమ్మ పాడుతూ పాడుతూ ఒక చోట ఒక మాట మింగేసి ముందుకు పోయింది. అంతే పోయింది, ఒక్క మాట. మా ఆయన టేప్‌రికార్డర్ మూతను అరచేత్తో తుడిచారు. తరవాత, "అవ్వ గా మాట ఎప్పుడు గూడ సరిగ అనకపోయేది. పోనీ" అన్నారు.

ఆ రోజు నుంచి పని ఇద్దరిదీ అయింది. క్యాసెట్ డబ్బా మీది రాత నేను చదివితే, అది ఎక్కడ, ఎట్లా రికార్డు చేసిందో ఆయన చెప్పేవారు. ఆ మాటలు వింటుంటే నాకు ఒకటి తోచింది. చిన్న మైకు కొనుక్కొచ్చి ఆయన ముందు పెట్టాను.

"ప్రతి క్యాసెట్ ముంగట మీరే చెప్పుండ్రి, ఇది ఫలానదని. నంబరు నొక్కంగనే ముందు మీ గొంతు వస్తది. తప్పుది నొక్కితే తెలిసిపోతది."

మొదట సిగ్గుపడ్డారు. గొంతు సవరించుకుని రేడియో వాళ్ళలాగా ఒక మాట అని ఆగిపోయారు. రెండు రోజులయ్యాక ఇక ఆపడం కష్టమైంది. "ఇది కోత కూలోళ్ళ పాటలు. చలి ఎక్కువుండె. మంట చుట్టు కూసున్నం. పాడిన ముసలామె నాకు జొన్నరొట్టె పెట్టింది, మిర్చి తొక్కు వేసి. కండ్లల్ల నీళ్ళొచ్చినయి" అని చెప్పేవారు. పాట కంటే ముచ్చటే పొడుగయ్యేది. నేను ఆపేదాన్ని కాదు.

ఏప్రిల్‌లో హైదరాబాదు వెళ్తే డాక్టరు మొహం మారిపోయింది. కుడి కంట్లో పొర ఊడుతోందట. ఆపరేషన్ చెయ్యాలి. చేశాక రెండు వారాలు బోర్లా పడుకోవాలి. తల ఎత్తకూడదు. తిన్నా, కూర్చున్నా మొహం నేలకే ఉండాలి. అట్లా ఉంటేనే లోపల నింపిన గాలి పొరను అదిమి పట్టి ఉంచుతుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సు డిచ్‌పల్లి దాటి మా ఊరు దగ్గరపడేదాకా ఆయన ముందు సీటు కడ్డీకి నుదురు ఆనించి కూర్చున్నారు.

"రెండు వారాలు బోర్ల పండుకోని ఏం జెయ్యాలె?" అన్నారు చివరికి.

"పాటలిందురు" అన్నాను. అన్నాను కానీ ఆ పాటలు ఇంకా పడకగది దాకా రానేలేదు.

పడకగది కోసం మూతపడిన ఇంటర్నెట్ సెంటర్ నుంచి పాత కంప్యూటర్ ఒకటి తెచ్చాను. దానికి తెర లేదు, రెండు స్పీకర్లు, ఒక అంకెల కీబోర్డు. ముందు గది నుంచి గోడ పైభాగాన నీలం వైరు లాగాడు భాయ్. అన్నీ పెట్టి నంబరు నొక్కితే ఏమీ లేదు. ముందు గది యంత్రం బాగానే ఉంది, పడకగది యంత్రమూ బాగానే ఉంది, ఒకదానికొకటి మాత్రం దొరకడం లేదు. పత్రిక ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం చూసుకున్నాను. రోజులు పోతున్నాయి, ఆపరేషన్ దగ్గర పడుతోంది. చివరికి వైరు కొసన ఉండే చిన్న తీగల రంగులు ఒక వైపు ఒక వరసలో, రెండో వైపు ఇంకో వరసలో బిగించామని తేలింది. కోసి మళ్ళీ బిగించాం. పడకగది స్పీకర్లలోంచి మా ఆయన గొంతే ఆయనకు వినిపించింది. "ఇది దర్గ ఉర్సుల ఇన్నది..." ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు.

రెండు రోజుల సంతోషం. మూడో రోజు పొద్దున ముందు గది కంప్యూటర్లోంచి టక్, టక్ మని చప్పుడు వచ్చింది, గోటితో రేకు మీద కొట్టినట్టు. ఆ చప్పుడు గురించి చదివాను. పాటలన్నీ ఉన్న హార్డ్ డిస్కు పాడవబోయే ముందు చేసే చప్పుడది. మరునాడే హైదరాబాదు ప్రయాణం.

ఆ పూటే కొత్త డిస్కు కొనుక్కొచ్చి, పాతదాన్నుంచి అన్నీ దానిలోకి ఎక్కేట్టు పెట్టాను. అది ఎంతసేపు పడుతుందో చెప్పలేని పని. పాత డిస్కు ఒక్కో చోట ఆగుతోంది, టక్ మంటోంది, మళ్ళీ కదులుతోంది. దాన్ని వదిలి వెళ్ళడం నా వల్ల కాలేదు. ఆయన్ను పంపి నేను ఆగడం అసలే కాదు.

"నేను కూసుంట భాభీ" అన్నాడు భాయ్. "దుకానం బంద్ పెడ్త. ఇన్వర్టర్ తెచ్చి పెడ్త, కరెంటు పోతె బ్యాటరీ మారుస్త. నువ్వు అన్న తోని పో. ఫికర్ జెయ్యకు."

ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చున్నప్పుడు నాకు ఎదురుగా రెండు తలుపులున్నట్టే అనిపించింది. ఒకటి మూసి ఉన్న ఆ తలుపు, ఇంకొకటి నిజామాబాదులో మా ఇంటి తలుపు. దేని వెనకాల ఏం జరుగుతోందో తెలియదు. మనిషి కన్ను కోస్తుంటే పాటల గురించి ఆలోచిస్తున్నానేమిటని నన్ను నేనే కసురుకున్నాను. కానీ కన్ను రాకపోతే ఆయనకు మిగిలేది ఆ పాటలే. అందుకే రెండూ ఒకే భయంగా ఉండేవి.

సెల్ ఫోన్ మోగింది. భాయ్.

"భాభీ, టక్ టక్ ఆగింది."

నేను బల్ల మీంచి లేచి నిలబడ్డాను. పని పూర్తయి ఆగిందా, డిస్కు పోయి ఆగిందా?

"తెర మీద ఏం రాసున్నది భాయ్?"

"ఇంగ్లీషు. శానా ఉన్నది. ఆఖరి లైన్లది చెప్త." ఒక్కో అక్షరం చదివాడు, నిదానంగా. పని అయిపోయిందనే ఉంది. కొన్ని మాత్రం రాలేదని పై లైన్లలో ఉంది. ఏవి రాలేదో చదవమన్నాను. ఆ నంబర్లు చెప్పాడు. అన్నీ మొదట్లో హోరుతో ఎక్కించిన సినిమా పాటలే. నేను గోడకు తల ఆనించి ఊపిరి పీల్చుకుంటుండగానే ఆ తలుపు తెరుచుకుంది. డాక్టరు బయటికి వచ్చాడు.

"పొరను అతికించాం. చూపు ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేం. తల మాత్రం ఎత్తనివ్వకండి" అన్నాడు.

కిరాయి కారులో ముందు సీటుకు దిండు కట్టి, దాని మీద నుదురు ఆనించి, ఆయన్ను ఇంటికి తీసుకొచ్చాను. ప్రతి గుంతకూ నేను ఆయన మెడ పట్టుకున్నాను. ఇంట్లో మంచం మీద బోర్లా పడుకోబెట్టి, కిందికి వేలాడే కుడి చేతికి అందేట్టు చిన్న పీట వేసి, దాని మీద అంకెల కీబోర్డు పెట్టాను. ఐదు మీద చిన్న బొడిపె ఉంటుంది. దాన్ని పట్టుకుని మిగిలినవి వెతుక్కుంటారు. ఆయన వేళ్ళు ఆ బొడిపె మీద ఆగాయి. నొక్కలేదు.

"రాకపోతే?" అన్నారు దిండులోకి.

"రాకపోతే మల్ల చేస్త."

నొక్కారు. వచ్చింది. నేను గదిలో ఉండలేక వంటింట్లోకి వచ్చేశాను.

ఆ రెండు వారాలు ఆయన విన్నవన్నీ నేనూ విన్నాను, అన్నం వండుతూ, మందు చుక్కలు వేస్తూ. మెడ నొప్పికి మూలిగేవారు, మూలుగుతూనే ఇంకో నంబరు నొక్కేవారు. భాయ్ వచ్చి నేల మీద వెల్లకిలా పడుకుని, పైనుంచి కిందికి చూస్తున్న మా ఆయన మొహంతో ముచ్చట్లు పెట్టేవాడు. కట్టు విప్పాక కుడి కంటికి వెలుతురు, మనిషి ఆకారం మాత్రమే దక్కాయి. ఎడమ కంటి చూపు ఉన్నచోటే నిలిచింది. ఆయన ఇక ఎప్పటికీ డబ్బా మీది రాత చదవలేరు.

జూన్‌లో బళ్ళు తెరిచారు. మొదటి రోజు ఆయన్ను ఒంటరిగా వదిలి గేటు దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాను. మంచినీళ్ళు ఎక్కడున్నాయో చెప్పాను. చెప్పిందే మళ్ళీ చెప్పాను. బళ్ళో ప్రార్థన అవుతున్నంతసేపూ గడపే కళ్ళముందు కనిపించింది. మొదటి పీరియడ్ అవగానే ఆఫీసు గదిలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాను. మోగింది, మోగింది. ఎత్తలేదు. పడిపోయారేమో అనుకున్నాను. మళ్ళీ చేశాను. ఈసారి ఎత్తారు. వెనకాల కవ్వాలీ గట్టిగా వినిపిస్తోంది, చప్పట్లతో సహా.

"ఏందే, క్లాసు లేదా నీకు?"

"ఉన్నది. మీరెట్లున్నరని..."

"ఎట్లుంట? మంచిగ పాట నడుమ లేపినవు. పెట్టెయ్ ఫోను."

పెట్టేశాను. అయినా కాసేపు రిసీవర్ మీద చెయ్యి తియ్యలేదు. తరవాత చాక్‌పీసులు తీసుకుని ఎనిమిదో తరగతికి వెళ్ళాను.